రోమక చక్రవర్తులును స్తోయికులును

క్రీ. శ. 93వ సంవత్సరమున రోమునగరమున నిరువురు సెనేటు సభ్యులు మరణదండనము పొందిరి. వారు కత్తి పట్టినవారు గారు. సైన్యములఁ గూర్చినవారును గారు. అరులేనసు రస్టికసనువాఁడు త్రేసియా పీటసనువాని జీవితమును వ్రాసి యతనిఁ బుణ్యపురుషుఁడని కొనియాడెను. హెరెన్నియసు సెనీసియో యనువాఁడు హెల్విడియసు ప్రిస్కసుయొక్క చరిత్రమును రచించెను. కీర్తింపఁబడిన యిరువురును అంతకు ముందే పూర్వచక్రవర్తుల యాజ్ఞచే మడిసినవారు. డొమీషియను చక్రవర్తి గ్రంథకర్తలఁ జంపించుటతోఁ దృప్తి నొందక గ్రంథములను గూడ నగరమధ్యమునఁ గాల్పించెను.

పిదప దాదాపెనుబది సంవత్సరములు గడచినవి. డాన్యూబు నదీతీరమున యుద్ధశిబిరములలోఁ గాలము గడపుచుండిన యొక చక్రవర్తి తనకొఱకే గ్రీకు భాషలో నొక పుస్తకము వ్రాసికొనుచుండెను. అందుఁ దన గురువులను, బంధువులను, మిత్రులను వరుసగా స్మరించుచు, త్రేసియా, హెల్విడియసు, కేటో, బ్రూటసు మొదలగువారిని దనకుఁ దెలియఁజేసినందులకు సెవీరసను మిత్రునకుఁ గృతజ్ఞతఁ దెలిపెను. ఆ చక్రవర్తి మార్కసు అరీలియసు. ఏ పేళ్లను బొగడినందులకుఁ దాతలనాఁడు తలలు తెగిపడెనో, యా పేళ్లనే మనుమలనాఁడు సింహాసనస్థుఁడు భక్తితోఁ దలఁచెను. ఈ మార్పెట్లు కలిగెను? సింహాసనము స్తోయికులకు లొంగెనా, స్తోయికులే సింహాసనమునకు లొంగిరా? రోమక చరిత్రకారులలో నభిప్రాయభేదమునకుఁ దావైన ప్రశ్న యిది.

స్తోయిక సిద్ధాంతము రోములోఁ బుట్టినది కాదు. క్రీ. పూ. 300 ప్రాంతమున సైప్రసు ద్వీపవాసియగు జీనో ఏథెన్సు నగరమునందలి చిత్రిత మంటపమున బోధింపఁ దొడఁగెను. మంటపమునకు గ్రీకులు 'స్తోయా' యందురు గనుక నతని శిష్యులకు స్తోయికులని పేరు వచ్చెను. సద్గుణ మొక్కటియే మేలు, దుర్గుణ మొక్కటియే కీడు. ధనము, ఆరోగ్యము, కీర్తి, తుదకుఁ బ్రాణమును గూడ నీ రెంటికి నడుమనుండు నుదాసీన వస్తువులు. లోకమంతయు నొక్క బుద్ధిచేఁ బాలింపఁబడు నొక్క పురము. మనుష్యులందఱు నా పురమునఁ బౌరులు. వారి మతసారమిది. తెలుగు పండితునకు వెంటనే గీతలోని స్థితప్రజ్ఞుఁడు స్ఫురించుట సహజము. పోలిక లేకపోలేదు, కాని పోలిక కలిగినంతమాత్రమున నొకచోటినుండి యింకొకచోటికిఁ బోయినదని నిర్ణయించుట చరిత్రకారుని పని కాదు.

రోమకుల నాకర్షించినది స్తోయికుల భౌతికశాస్త్రము గాదు, తర్కశాస్త్రమును గాదు. రోడ్సు ద్వీపమునుండి వచ్చి సిపియో ఎమిలియేనసునకు మిత్రుఁడైన పనీషియసు బోధించిన కర్తవ్యవిచారము వారికి నచ్చెను. మనుష్యుఁడు నాటకమునందలి నటునివంటివాఁడు. జన్మచేతను, విధిచేతను, తన యెన్నికచేతను వచ్చిన పాత్రలను దాను లోపము లేక నడపవలెను. సేనాపతి సేనాపతిగను, సభ్యుఁడు సభ్యుఁడుగను నడవవలెను. ఈ పాత్రధర్మమే తరువాతి కథకంతయు మూలకందము. క్రీ. పూ. 46లో సీజరునకు లొంగి యతని క్షమను బొందుట కిష్టపడక యుటికా నగరమునఁ దన్నుఁ దాను పొడుచుకొని మరణించిన కేటో యీ ధర్మమునకు దృష్టాంతమై నిలిచెను. అటులని స్తోయికులు రాజత్వమును ద్వేషించిరనుట పొరపాటు. అగస్టసు చక్రవర్తి కొలువున ఎథినొడోరసు, ఎరియసు డిడిమసు మొదలగు తత్త్వజ్ఞులు గౌరవముతో నుండిరి. ఏకచ్ఛత్రాధిపత్యము తప్పని స్తోయిక శాస్త్రమెక్కడను విధింపలేదు. ఈ విషయమును 1975లోఁ బ్రకటితమైన యొక దీర్ఘ వ్యాసమునఁ బి. ఎ. బ్రంటు అను నాంగ్ల చరిత్రకారుఁడు సవిస్తరముగఁ బ్రతిపాదించెను.

తత్త్వజ్ఞుఁడు చక్రవర్తికి గురువైన తొలి ప్రసిద్ధ ప్రయత్నము సెనెకాది. స్పెయిను దేశమునందలి కార్డూబా నగరమునఁ బుట్టిన యితఁడు 41లోఁ గ్లాడియసు చక్రవర్తిచేఁ గార్సికా ద్వీపమునకు వెడలఁగొట్టఁబడి, 49లో నెగ్రిప్పీనా రాణి ప్రార్థనచే మరలి వచ్చి, యామె కుమారుఁడగు నీరోకు గురువయ్యెను. 54లో నీరో పదునాఱేండ్ల ప్రాయమునఁ జక్రవర్తి యయ్యెను. కొలఁదియేండ్లపాటు సెనెకాయు, బర్రసను సేనాధిపతియు రాజ్యభారమును వహించి చక్కఁగా నడపిరి. ఆ కాలముననే సెనెకా 'క్షమ' యను విషయమునుగూర్చి గ్రంథమొకటి రచించి శిష్యునకు నంకితము చేసెను. పాలకునకద్దమువలె నుండుటకై యది వ్రాయఁబడినది. నీరో చేతులకు రక్తపు మరక యంటలేదని యందుఁ బ్రశంసింపఁబడినది. అప్పటికే నీరో తన సవతితమ్ముఁడగు బ్రిటానికసును విషము పెట్టించి చంపించినాఁడని లోకమెఱుఁగును!

ఈ గ్రంథమున నొక చిక్కు గలదు. క్షమ యనఁగాఁ జంపఁగలవాఁడు చంపక విడుచుట. దానిని రాజునకుఁ బరమధర్మముగా నుపదేశించుటయనఁగా, నతని చేతిలోఁ గత్తి యుండుటను ముందే యొప్పుకొనుట. ఆ కత్తికిఁ జట్టమున నొఱ లేదు. రాజు మనస్సే యొఱ. మనస్సు చెడినచో నేమగునను ప్రశ్నకు సెనెకా గ్రంథమున సమాధానము లేదు. సమాధానము నీరోయే చెప్పెను. 59లో నతఁడు తల్లిని జంపించెను. దానిని సమర్థించుచు సెనేటునకుఁ బంపఁబడిన లేఖను వ్రాసినవాఁడు సెనెకాయే యని టాసిటసు తెలుపుచున్నాఁడు. తత్త్వజ్ఞుని లేఖిని యంతకంటెఁ గ్రిందికి దిగుట సాధ్యము గాదు. ఇతని ధనమునుగూర్చియు నాఁడే నిందలు పుట్టెను. నాలుగేండ్ల రాజమైత్రిలో 30 కోట్ల సెస్టెర్సు లార్జించుట కేయే తత్త్వసూత్రములు తోడ్పడెనో చెప్పుమని 58లో సూలియసనువాఁడు బహిరంగముగ నాక్షేపించెను. 62లో బర్రసు మరణింపఁగా సెనెకా కొలువు విడిచెను; 65లోఁ బైసో కుట్రలోఁ జేరినాఁడను నెపముతో నీరో యతనికిఁ జావు విధించెను. అతఁడు నరములు కోసికొని ధైర్యముతోనే మరణించెను. గొప్పగాఁ జచ్చుట యతనికిఁ దెలిసినది. గొప్పగాఁ గొలువు చేయుట దుర్లభమయ్యెను. అతఁడు చివరియేండ్లలో వ్రాసిన లేఖలను జదివినవారికి, ఆ సంగతి యితరులకంటె నతనికే యెక్కువగాఁ దెలియునని తోఁచును.

సెనెకా లేఖ సెనేటులోఁ జదువఁబడిననాఁడు సభ్యులు పోటీపడి రాజమాత మరణమునకు దేవతలకుఁ గృతజ్ఞతాపూజలు తీర్మానించుచుండిరి. అప్పుడు త్రేసియా యొక్క మాటయైనఁ బలుకక లేచి సభ విడిచి వెళ్లెను. అతని విరోధమంతయు నిట్టిదే. అతఁడు కుట్రలు పన్నలేదు. 62లో నీరోను బరిహసించు పద్యములు వ్రాసినందులకు యాంటిస్టియసను ప్రేటరునకు మరణదండనము ప్రతిపాదింపఁబడినప్పుడు, దేశబహిష్కారము చాలునని త్రేసియా వాదింపఁగా సభ యతనినే యనుసరించెను. ఆ పిమ్మట నతఁడు సభకు వచ్చుటయే మానెను. మూఁడేండ్లు సభకు రాకుండుట, నూతన సంవత్సరారంభమునఁ జేయవలసిన శపథము చేయకుండుట, చక్రవర్తి దివ్యకంఠముకొఱకు బలి యీయకుండుట, మృతిచెందిన పోపియా రాణిని దేవతగా నంగీకరింపకుండుట: 66లో నతనిపై మోపఁబడిన నేరములివి. చేసిన పనులు గావు, చేయని పనులు. త్రేసియా యేమి చేయలేదో తెలిసికొనుటకే రాష్ట్రములలోను, సేనలలోను దినవార్తాపత్రమును జదువుచున్నారని యతని శత్రువు కాసుటియేనసు కాపిటో చక్రవర్తికి విన్నవించెను. మౌనమింత నేరమగుట చరిత్రమున నరుదు.

ఆ దినమున సభామందిరమును సాయుధులు చుట్టుముట్టిరి. తీర్పునకు ముందు రస్టికసను యువకుఁడు త్రేసియాకడకు వచ్చి, తాను బ్రజాపక్ష ట్రిబ్యూను గావునఁ దనకుఁ గల నిషేధాధికారమును వినియోగించి తీర్మానము నడ్డెదనని చెప్పెను. త్రేసియా యంగీకరింపలేదు. దానివలనఁ దనకు మేలు గలుగదనియు, నీ యువకునకు నాశము తప్పదనియుఁ జెప్పి వారించెను. డొమీషియను కాలమున మరణదండనము పొందిన రస్టికసితఁడే. త్రేసియా రక్షించిన ప్రాణమును ఇరువదియేడేండ్ల తరువాత నతఁడు త్రేసియా జీవితచరిత్రమున కర్పించెను.

త్రేసియా తన తోఁటలో మిత్రులతోను, డిమిట్రియసను సినికు తత్త్వజ్ఞునితోను నాత్మనుగూర్చి సంభాషించుచుండఁగాఁ దీర్పు తెలిసెను. కూడ మరణింపఁబోయిన భార్యను, కూఁతునకుఁ దల్లి లేకుండఁ జేయవలదని యొప్పించి, తన నరములు కోయించుకొని, స్రవించిన రక్తమును విమోచకుఁడగు జూపిటరునకుఁ దర్పణముగఁ జల్లెను. టాసిటసు గ్రంథమున నీ ఘట్టము వాక్యమధ్యమునఁ దెగిపోయినది; తరువాతి భాగము లభింపలేదు. దోషారోపకులలో నిరువురకుఁ దలకు 50 లక్షల సెస్టెర్సులు బహుమానముగ ముట్టెను.

అదే దినమున బెరియా సొరేనసును నతని కూఁతురు సెర్వీలియాయు విచారింపఁబడిరి. ఇరువదియేండ్లు నిండని యా బాలిక తండ్రి భవిష్యత్తును దెలిసికొనఁగోరి తన పెండ్లి నగల నమ్మి మాంత్రికులకిచ్చినదఁట. అదియే యామె నేరము. వారిపై సాక్ష్యము చెప్పినవాఁడు బెరీటసు నగరవాసి యగు ఎగ్నేషియసు సీలరు. అతఁడు స్తోయిక గురువు, సొరేనసునకు నాశ్రితుఁడు. గంభీరమైన వేషము, మితభాషణము, సద్వర్తనుఁడని కీర్తి, యన్నియుఁ గలవు. ధనమున కాశించి తన పోషకునే చావునకప్పగించెను. వేషమును జూచి తత్త్వమును నిర్ణయింపరాదని తెలియుటకు రోమకులకీ యొక్క దృష్టాంతము చాలును. నీరో పతనమైన పిదప ముసోనియసు రూఫసను స్తోయికుఁడే సీలరుపై నభియోగము దెచ్చి 70లో శిక్ష వేయించెను. చిత్రమేమనఁగా, నాఁడు సీలరు పక్షమున వాదించినవాఁడు త్రేసియా యంత్యకాలమునఁ బ్రక్కనున్న యా డిమిట్రియసే. అతఁడట్లేల చేసెనో టాసిటసు చెప్పలేదు, అది కీర్తికరము గాలేదని మాత్రము సూచించెను. స్తోయికులొక కట్టుగాఁ గుట్ర చేసిరను వారికి నీ యుదంతము ప్రత్యుత్తరము. వారిలోఁ గట్టు లేదు, ఉండినది కుటుంబము.

నిజముగా నిది కుటుంబకథ. త్రేసియా భార్య యరియా. ఆమె తల్లి పేరును నరియాయే. 42లో గ్లాడియసుపైఁ దిరుగుబాటునఁ జేరి చావు విధింపఁబడిన భర్త వెనుకాడుచుండఁగా, నా పెద్దయరియా కత్తి తీసి తన్నుఁ బొడుచుకొని, నొప్పి లేదని చెప్పి యా కత్తిని భర్త కందించెను. త్రేసియా కూఁతురు ఫేనియా. ఆమె భర్త హెల్విడియసు. ఈ హెల్విడియసు 70లోఁ బ్రేటరు పదవి వహించి క్రొత్త చక్రవర్తియగు వెస్పేషియనును బిరుదములు వదలి వట్టి పేరుతోనే సంబోధించుచు, సెనేటు స్వాతంత్ర్యమును బ్రతిదినము నొక్కి చెప్పుచుండెను. వెస్పేషియను నీరోవంటి క్రూరుఁడు గాఁడు. ఓర్పు గలవాఁడు, హాస్యప్రియుఁడు. అతనిచేతనే యితనికిఁ జావు కలుగుట యాలోచింపఁదగినది. చక్రవర్తి యాజ్ఞను మరలించుటకు దూతలఁ బంపెననియు, నప్పటికే చంపివేసిరను తప్పుడు వార్త చెప్పి వారిని నిలిపిరనియు సుటోనియసు వ్రాసెను. 71లో వెస్పేషియను ముసోనియసును దక్కఁ దక్కిన తత్త్వజ్ఞులను రోమునుండి వెడలఁగొట్టెను.

హెల్విడియసు వైఖరిని వివరించినవాఁ డెపిక్టెటసు. హీరాపొలిసులోఁ బుట్టి, నీరో కొలువునందలి యెపఫ్రొడైటసునకు బానిసయై, ముసోనియసునకు శిష్యుఁడై, కుంటికాలితో జీవితమును గడపిన యీ మహానుభావుఁడు డొమీషియను తత్త్వజ్ఞులను వెడలఁగొట్టినప్పుడు గ్రీసునందలి నికోపొలిసు చేరి పాఠశాల నెలకొల్పెను. సభకు రావలదని వెస్పేషియను కబురంపఁగా, సభ్యత్వమును దీసివేయుట చక్రవర్తి పనియనియు, సభ్యుఁడుగా నున్నంతకాలము సభకుఁ బోవుటయు నడిగినచో నిజము చెప్పుటయుఁ దన పనియనియు, జంపుట యతని వంతు, వెఱపు లేక చచ్చుట తన వంతనియు హెల్విడియసు బదులు చెప్పినట్లెపిక్టెటసు శిష్యులకు బోధించెను. ఇందు రాజత్వమును గూలఁద్రోయు మాట యొక్కటియు లేదు. ఉన్నది పాత్రధర్మము. సభ్యుఁడు సభ్యుఁడుగా నడచుకొనినంతనే చక్రవర్తి యాసనము కదలెనన్నచోఁ, దప్పు తత్త్వమున లేదు, ఆ యాసనపుఁ గట్టడమున నున్నది. అగస్టసు నిర్మించిన రాజ్యాంగమునఁ బైకి సెనేటు సర్వస్వతంత్రము. లోపల సర్వమును చక్రవర్తి. ఈ నటనను నిజమని పట్టుకొని నడచువాఁడొక్కఁడున్నను నాటకము చెడును.

సెనీసియో విచారణమున న్యాయసభవారు ఫేనియాను బిలిచి, భర్త వ్రాఁతలు గ్రంథకర్తకు నీవిచ్చితివా యని యడిగిరి. ఇచ్చితిననెను. నీ తల్లికిఁ దెలియునా యన్నారు. తెలియదనెను. తన్నుఁ గాపాడుకొను మాట యొక్కటియు నామె నోట రాలేదని ప్లీనీ తన లేఖలోఁ గొనియాడెను. అంతకు ముందు రెండుమాఱులు భర్త వెంటఁ బ్రవాసమునకుఁ బోయిన యామె మూఁడవమాఱు భర్త చరిత్రముకొఱకుఁ బ్రవాసము పొందెను. ఆస్తి హరింపఁబడినను నిషిద్ధగ్రంథమును మాత్రము దాఁచి వెంటఁ గొనిపోయెను. కేటో చరిత్రమును త్రేసియా వ్రాయుట, త్రేసియా చరిత్రమును రస్టికసు వ్రాయుట, హెల్విడియసు చరిత్రమును సెనీసియో వ్రాయుట, యా గ్రంథమును ఫేనియా కాపాడుట: రోమక స్తోయికుల నిజమైన సంప్రదాయమిది. సిద్ధాంతగ్రంథములకంటె జీవితచరిత్రములే వీరికిఁ బరంపరగా వచ్చిన సొత్తు.

టాసిటసు వీరియెడ రెండు మనస్సులు గలవాఁడు. త్రేసియా సభ విడిచి పోవుటచేఁ దనకపాయము దెచ్చుకొనెనే గాని యితరులకు స్వాతంత్ర్యమునకు నాంది చేయలేదని యొకచోట వ్రాసెను. వేఱొకచోఁ ద్రేసియాను జంపుట సద్గుణమునే చంపుట యన్నట్లు వ్రాసెను. ఈ వైరుధ్యమునకుఁ గారణము లేకపోలేదు. డొమీషియను కాలమునఁ దానును సభలోఁ గూర్చుండి మౌనము వహించినవాఁడే; సభ్యుల చేతులే చిన్న హెల్విడియసును జెఱకు నడిపించినవని యతఁడే యొప్పుకొనెను. మౌనముతో లేచిపోయినవానికిని, మౌనముతోఁ గూర్చుండినవానికిని గల భేద మతనిఁ గడవఱకు బాధించినట్లున్నది.

ఇఁక రస్టికసు వంశము. ఆ కుటుంబమున జన్మించిన జూనియసు రస్టికసు మార్కసు అరీలియసునకు స్తోయిక గురువయ్యెను. మరణదండనము పొందిన రస్టికసునకితఁడు మనుమఁడని పలువురి యభిప్రాయము. ఎపిక్టెటసు బోధలను శిష్యుఁడగు ఎరియను వ్రాసి యుంచెను. ఆ ప్రతిని తన యింటి గ్రంథములనుండి తెచ్చి మార్కసునకిచ్చినవాఁడీ రస్టికసే. బానిసగాఁ బుట్టినవాని బోధ, రాజాజ్ఞచేఁ జచ్చినవాని వంశీయుని ద్వారమున, రాజు చేతికి వచ్చెను. ఇట్టి సంఘటన కవి కల్పించినచో నమ్మదగినది కాదందురు.

మార్కసు 121 ఏప్రిలు 26న రోములో జన్మించెను. పండ్రెండవయేఁటనే తత్త్వజ్ఞుల ముదుక బట్ట ధరించి నేలపైఁ బండుకొనఁగాఁ దల్లి బతిమాలి మంచమెక్కించెనని యొక పురాణప్రాయమైన చరిత్రము చెప్పుచున్నది. ఆ గ్రంథమునఁ గల్పనలు విస్తారము. కాని యీ మాట యతని స్వభావమునకు విరుద్ధము గాదు. 138లో నాంటొనైనసు పయసు హేడ్రియను కోరికపై నతనిని దత్తు చేసికొనెను. 161లో రాజ్యమునకు వచ్చి దత్తసోదరుఁడగు లూషియసు వీరసును దనతో సమానాధికారము గల చక్రవర్తిగఁ జేసికొనెను. రోములో నిరువురు చక్రవర్తులు గూడి యేలుట యదియే మొదలు. తరువాతఁ బార్థియను యుద్ధము, సేనలతో వచ్చిన మహామారి, డాన్యూబు నావలి జాతుల దండయాత్రలు. యుద్ధవ్యయమునకు రాష్ట్రములపైఁ గ్రొత్త పన్నులు వేయుటకు మాఱుగా రాజభవనమునందలి బంగారు పాత్రలను, రత్నములను, రాణి పట్టుబట్టలను ట్రేజను చతుష్పథమున వేలము వేయించెనందురు.

అతని పుస్తకము రాజనీతిశాస్త్రము గాదు. దానిని తనకుఁ దాను జేసికొను ప్రతిదినాభ్యాసమని ఫ్రెంచి పండితుఁడగు పియెరు హాడో 1992లో వివరించినది సమంజసము. సీజరను పేరునుండి యొక క్రియాపదము కల్పించి, యట్లు మాఱిపోకుము సుమా యని యతఁడు తన్నుఁ దాను హెచ్చరించుకొనెను. రాజవస్త్రము చూడఁగా గుల్లపురుగు రక్తములో ముంచిన గొఱ్ఱెబొచ్చే యని తలఁచుకొనెను. ప్లేటో చెప్పిన యాదర్శరాజ్యమున కాశపడక, కొంచెమైన ముందడుగు పడినచోఁ జాలునని సరిపెట్టుకొనెను. పలుమాఱులు రస్టికసుపైఁ గోపము వచ్చినను దరువాత విచారింపవలసిన పని చేయకుండినందులకు దేవతలకుఁ గృతజ్ఞత చెప్పెను. గురువునకుఁ జావు విధించిన నీరో నెఱిఁగిన రోమున నది చిన్నమాట గాదు.

క్రియలోను దాని ఫలము కొంత కనఁబడును. 175లో సిరియా యధిపతి ఎవీడియసు కాసియసు తిరుగఁబడి చక్రవర్తినని చాటించుకొని తనవారిచేతనే చంపఁబడెను. తలను దెచ్చి చూపఁబోఁగా మార్కసు చూడక పూడ్పింపఁజేసెను. కుట్రలోనివారి పేరులు బయటఁబడునేమో యని కాసియసు ఉత్తరములు చదువకుండఁగనే కాల్పించిరి. ఈ తిరుగుబాటు కారణముగ సెనేటు సభ్యునొక్కనినైనఁ జంపవలదని సభను వేఁడుకొనెను. 176లో నేథెన్సున ప్లేటో, అరిస్టాటిలు, ఎపిక్యూరసు, స్తోయికులు, ఈ నాలుగు సంప్రదాయములకును రాజవేతనముతో నాచార్యపీఠములు స్థాపించెను. స్తోయికుఁడై యుండియు విరోధి మతములకు సమానముగ నిచ్చుట మెచ్చుకొనఁదగినది. వెస్పేషియను తత్త్వజ్ఞులను దఱిమిన శతాబ్దమునకే యిది జరిగెను.

బానిసల విషయమునఁ బరిశీలించినచో నతని ధర్మమునకు హద్దులెక్కడనో తెలియును. విడిచిపెట్టెదనను నొడంబడికతోఁ గొనఁబడిన బానిసను యజమానుఁడు గడువు దాఁటియు విడువనిచో, నా బానిస తనంతఁదానే స్వతంత్రుఁడగునని మార్కసు శాసించెను. మృతుఁడు మరణశాసనమున బానిసలకు విముక్తి యిచ్చియుండఁగా, నప్పుల భయముచే వారసులెవ్వరును ఆస్తిని స్వీకరింపనిచో విముక్తి వ్యర్థమగును. అట్టి యెడ విముక్తులలో నొకఁడే యప్పులవారికి హామీ యిచ్చి యాస్తిని గైకొనవచ్చునని యింకొక యుత్తరువు. స్వాతంత్ర్యమునకుఁ బక్షపాతముగ ధర్మశాస్త్రమును నడపిన చేయి యిది. ఆ చేయియే, పాఱిపోయిన బానిసలను వెదకుటకై యెవ్వరి భూములలోనికైనను, తుదకుఁ జక్రవర్తి భూములలోనికైనను, బ్రవేశింపవచ్చునని సెనేటున శాసనము చదివెను. మనుష్యులందఱు నొక్క పురమునఁ బౌరులన్న సిద్ధాంతమును, బానిస సొత్తన్న చట్టమును నొక్క మనస్సులోనే కలహింపక నివసించినవి. ఎపిక్టెటసు గ్రంథమును బ్రాణసమముగఁ జూచుకొనినవానికిఁ గూడ నది తట్టలేదు. శరీరదాస్యము నుదాసీన వస్తువుగ నెంచు సిద్ధాంతమే యిందులకుఁ గొంత కారణమని చెప్పక తప్పదు.

గురువగు రస్టికసు 162లో రెండవమాఱు కాన్సలయ్యెను, నగరాధ్యక్షుఁడునయ్యెను. 165 ప్రాంతమున నతని యెదుట జస్టిననువాఁడును, కొందఱు సహచరులును విచారణకుఁ దేఁబడిరి. జస్టిను తత్త్వజ్ఞవేషమును ధరించి క్రైస్తవమతమును బోధించుచుండెను. దేవతలకు బలి యీయుఁడని రస్టికసాజ్ఞాపించెను, వారు నిరాకరించిరి. కొరడాలతోఁ గొట్టించి తలలు నఱికింపుఁడని తీర్పు చెప్పెను. బలి యీయకుండుట త్రేసియాపై మోపఁబడిన నేరములలో నొకటి. ఆ త్రేసియాను గాపాడఁగోరినవాని వంశీయుఁడు న్యాయపీఠమునఁ గూర్చుండి యదే నేరమునకు మరణము విధించెను. పాత్రధర్మము ప్రకారము నగరాధ్యక్షుఁడు చట్టమును నడపెను. తప్పేమని యతని పక్షమున వాదింపవచ్చును. ఆ వాదమే యా ధర్మమునకుఁ గల లోపమును జూపుచున్నది: పాత్రను జక్కఁగా నడపుటెట్లో యది నేర్పును, పాత్ర యుండఁదగినదా యని యడుగుట నేర్పదు.

కొమోడసు విషయమునను నిదియే. నెర్వా మొదలు నలువురు చక్రవర్తులు యోగ్యులను దత్తు చేసికొనిరి, మార్కసు మాత్రము పుత్రవ్యామోహముచే నా పద్ధతిని జెఱిచెను, అని సాధారణముగ నిందింతురు. ఆ నలువురకును బ్రదికియున్న కుమారులు లేరను సంగతిని నిందించువారు మఱచుచున్నారు. దత్తత సిద్ధాంతము గాదు, సంతానము లేమి. కుమారుఁ డుండఁగా నన్యునకు రాజ్యమిచ్చినచో నా కుమారుని జంపవలెను, లేక యంతర్యుద్ధమునకు సిద్ధపడవలెను. కాసియసు తిరుగుబాటు తరువాత నీ భయము మఱింత యుండును. 177లో గొమోడసును సహచక్రవర్తిగఁ జేసెను. 180 మార్చి 17న మార్కసు మరణించెను. తండ్రి పూనికతోఁ గాపాడిన సెనేటు సభ్యులను గుమారుఁడు చంపింపఁ దొడఁగెను; మార్కసునకుఁ బ్రియులైన క్వింటీలియసు సోదరులును వారిలోఁ జేరిరి. తాను స్వయముగ మల్లరంగమున దిగి ప్రజలకు వేడుక చూపెను. 192 డిసెంబరు 31న హత్య చేయఁబడెను. పందొమ్మిదేండ్ల ధర్మపాలనమును నిలుపుటకు మార్కసు మనస్సు తప్ప వేఱొక యాధారము లేకపోయెను. సెనెకా గ్రంథమునఁ గనఁబడిన చిక్కు విప్పఁబడకయే యుండెను. మొదటి ప్రశ్నకుఁ దిరిగి వచ్చినచో, సింహాసనమును స్తోయికులును నొండొరులకు లొంగలేదనుట యుక్తము. త్రేసియా కోరినది మంచి చక్రవర్తిని. మార్కసు మంచి చక్రవర్తి యయ్యెను. చెడ్డ చక్రవర్తి నేమి చేయవలెనో యిరువురును జెప్పలేదు.

గ్రంథముల గతి యొక్కటి చెప్పవలసి యున్నది. త్రేసియా వ్రాసిన కేటో చరిత్రము నశించినది; ప్లూటార్కు తన రచనకు దానిని వాడుకొనెను గనుక దాని ఛాయ మాత్రము మిగిలినది. రస్టికసు, సెనీసియోల గ్రంథములు కాల్పఁబడినవి. ఫేనియా కాపాడిన ప్రతియు దొరకలేదు. మార్కసు పుస్తకమునకుఁ బ్రకటించు నుద్దేశముండినట్లే లేదు. అందలి రెండవ భాగము మొదట గ్రానువా నదీతీరమునఁ గ్వాడుల నడుమ ననియు, మూఁడవ భాగము మొదటఁ గార్నంటములో ననియు నున్న రెండు చిన్న గుర్తులు శిబిరములలోని రాత్రులను దెలుపుచున్నవి. 1559లో జూరిచ్చి నగరమున సైలాండరను పండితుఁడు దానిని మొట్టమొదట నచ్చొత్తించెను. అతఁడుపయోగించిన వ్రాఁతప్రతి పిదప గల్లంతైనది. నేఁడు సంపూర్ణప్రాయముగ నున్న వ్రాఁతప్రతి వాటికను గ్రంథాలయమునందలి 14వ శతాబ్దపుఁ బ్రతి యొక్కటియే. త్రేసియా, హెల్విడియసుల పేళ్లు వరుసగా వ్రాయఁబడిన వాక్యము రెంటిలోను నిలిచియున్నది.